భువనేశ్వరి టీచరు చెప్పిన గ్రహణం పాఠం

భువనేశ్వరి టీచరు ముప్పై ఏళ్లకు పైగా పుదుచ్చేరి సర్కారు బళ్లలో సైన్సు చెప్పింది. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లు ఇప్పుడు ఊరంతా ఉన్నారు. బ్యాంకులో ఒకడు, పోలీసు స్టేషన్లో ఒకడు, చేపల మార్కెట్లో ఇద్దరు. వాళ్లలో ఎవరిని కదిలించినా ముందు గుర్తుచేసుకునేది గ్రహణం పాఠమే. తరగతి కిటికీలు మూయించి, టార్చిలైటు సూర్యుడని, కమలాపండు భూమి అని, నిమ్మకాయ చంద్రుడని చెప్పి, ఒకదాని నీడ ఇంకొకదాని మీద ఎలా పడుతుందో చూపించేది. చివర్లో ఏటా ఒకటే మాట. నీడకు కోపం ఉండదు, దయ ఉండదు, నీడంటే వెలుతురు రాకపోవడం, అంతే. పిల్లలు ఆ మాటను ఇంటికి మోసుకెళ్లి నానమ్మల చేత మొట్టికాయలు తినేవాళ్లు.

ఆవిడ పెద్దవాళ్లు ఎన్నో తరాల కిందట వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు. ఇంట్లో మాట్లాడేది తెలుగే గానీ ఆ అక్షరాలు భువనేశ్వరికి రావు. చదివింది అరవంలో, కోప్పడేది ఇంగ్లీషులో. భర్త శివరామన్ గుండెపోటుతో పోయేసరికి కూతురు ఆర్తి మూడో తరగతి. ఆ తర్వాత ఇందిరా నగర్‌లోని ఆ అద్దె ఇంట్లో ఇద్దరే మనుషులు, బోలెడన్ని ప్రశ్నలు. వాన ఎందుకు పడతాది, పాలెందుకు విరుగుతాయి, నాయన ఎందుకు రాడు. మొదటి రెండిటికీ గిన్నెలూ గ్లాసులూ పెట్టి జవాబు చూపించింది. మూడోదానికి గుండె బొమ్మ గీసి, రక్తనాళం ఎక్కడ మూసుకుపోయిందో పెన్సిలుతో గుర్తు పెట్టింది. ఆర్తి ఆ బొమ్మను చాలాసేపు చూసి, ఏడవకుండా వెళ్లి పడుకుంది. పిల్లకు ఎంత బాగా అర్థమైందో అని తల్లి మురిసిపోయింది.

బళ్లో ఆవిడకు సరిజోడు ఒక్కరే, లెక్కల మాస్టారు హాజా మొహిదీన్. ముల్లా వీధి పక్క సందులో ఉంటాడు. మధ్యాహ్నం స్టాఫ్‌రూములో ఇద్దరూ టిఫిను డబ్బాలు తెరిస్తే చాలు, మిగతావాళ్లు కుర్చీలు కాస్త దూరం జరుపుకునేవాళ్లు. మాటలన్నీ అరవంలోనే. ముస్లింలు అక్కడ తమ గ్రంథాన్ని కూడా వేదమనే అంటారు.

"ఆకాశమూ భూమీ మొదట ఒకే ముద్దగా ఉండేవని, దేవుడు వాటిని విడదీసినాడని మా వేదంలో ఉంది టీచర్. మీ బిగ్ బ్యాంగు అదే కదా" అనేవాడు ఆయన.

"అదే అయితే సార్, వెయ్యేళ్లకు పైగా ఆ వాక్యం చదివినవాళ్లలో ఒక్కరికీ తట్టలేదేం? సైన్సు కనిపెట్టిన మర్నాడే మీవాళ్లకు కనబడతాది."

"మర్నాడు దాకా ఎందుకు, ఆ సాయంత్రానికే" అని ఆయనే ముందు నవ్వేసేవాడు.

ఆకాశం విస్తరిస్తోందన్న మాట, ప్రాణమున్న ప్రతిదీ నీటి నుంచే పుట్టిందన్న మాట, సూర్యచంద్రులు ఎవరి దారిలో వాళ్లు ఈదుతున్నారన్న మాట, అన్నీ ఆ డబ్బాల మీదుగా అటూ ఇటూ నడిచాయి. ఆ వేదంలోని ఏడు ఆకాశాల దగ్గర మాత్రం లెక్కల మాస్టారు తడబడేవాడు. ఒక ఏడాది అవి వాతావరణంలోని పొరలన్నాడు. టీచరు పాఠ్యపుస్తకం తెరిచి, పొరలు అయిదే ఉన్నాయని చూపించింది. మరుసటి ఏడాది ఆయన దారి మార్చాడు. దుర్భిణీకి కనబడే నక్షత్రాలన్నీ కలిపి మొదటి ఆకాశమేనట, మిగతా ఆరూ దాని అవతల ఉన్నాయట.

"దానికి రుజువు అడగొచ్చా సార్?"

"అడగొచ్చు. నేను ఇవ్వలేను" అన్నాడాయన, పెరుగన్నం కలుపుకుంటూ. ఆ జవాబు టీచరుకు నచ్చింది. ఆ రోజు తన డబ్బాలోని వడియాలు ఆయన వైపు జరిపింది.

ఆవిడ మాత్రం తక్కువ తిన్నదా? నక్షత్రాల పాఠం వచ్చినప్పుడు ఆల్డెబరాన్, రైజెల్, ఆల్టెయిర్ అని బోర్డు మీద రాసి, ఇవన్నీ అరబ్బీ పేర్లు, యూరోపు వాళ్లు చీకట్లో ఉన్న రోజుల్లో ఆ దేశాలవాళ్లు మేడల మీద నిలబడి ఆకాశాన్ని కొలిచారు అని చెప్పేది. నమాజుకు దిక్కు తెలియాలంటే గోళం మీద త్రిభుజాలు కట్టాలి, భక్తి వాళ్ల చేత లెక్కలు చేయించింది అనేది. పక్క తరగతిలోంచి హాజా సార్ వింటూనే ఉండి, విననట్టు ఇంకాస్త గట్టిగా ఎక్కాలు చెప్పించేవాడు.

ఇంత లెక్కలు తెలిసిన మనిషీ రంజాను నెల ముందు సాయంత్రం నెలవంక కోసం మేడ మీద పడమటి వైపు మెడ సాచుకుని నిలబడేవాడు. లెక్క కట్టి ముందే చెప్పొచ్చు కదా అని టీచరు ఏడిపిస్తే, "లెక్క నాకూ తెలుసు. కంటితో చూడందే మాకు నెల మొదలుకాదు. ఆ కాసేపు ఊళ్లో అందరం తల పైకెత్తుతాం. లెక్క కట్టేసుకుంటే ఎవరెత్తుతారు" అన్నాడు. ఇంకోసారి, ఏదో వాదన మధ్యలో, "మీ పుస్తకంలో సూర్యుడికి మన కష్టసుఖాలు పట్టవు. మా వేదంలోనూ పట్టవు. కాకపోతే మా దాంట్లో సూర్యుడు ఒకరి చెప్పుచేతల్లో ఉంటాడు, అంతే తేడా" అన్నాడు. అంతే తేడానా అని టీచరు పెద్దగా నవ్వింది.

అలా నవ్విన రోజులు అవి.

ఆర్తి బి.ఎస్సీ ముగించాక కోసపాళయంలో పిండిమిల్లు నడిపే ముకుందన్‌కు ఇచ్చి పెళ్లి చేశారు. వాళ్లూ తెలుగువాళ్లే, మంచివాళ్లు. ముకుందన్ తల్లి రంగమ్మాళ్ మనసులో ఏదీ దాచుకోదు, ఏ నమ్మకాన్నీ వదులుకోదు. ఆర్తి మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చి తొమ్మిదో నెలలో ఉండగా, అంటే ఆరేళ్ల కిందట డిసెంబరు చివర, పొద్దున పూట సూర్యగ్రహణం వచ్చింది. ముందురోజు రంగమ్మాళ్ వియ్యపురాలికి ఫోను చేసింది.

"సంబంధీ, రేపు పిల్ల గడప దాటకూడదు. కత్తిపీట ముట్టనీవద్దు. వెల్లకిలా పండుకోమను. మీరు సదువుకున్నోళ్లు, అయినా చెబుతుండా."

"సరేనండి" అని ఫోను పెట్టేసింది భువనేశ్వరి.

బడికి సెలవులు. అయినా పిల్లల్ని గ్రౌండుకు రమ్మంది. గ్రహణం చూసే నల్లద్దాలు తెప్పించింది. బయల్దేరుతూ కూతురి వైపు చూసి, "వస్తావా, ఇంట్లో ఉంటావా?" అని అడిగింది.

"నేను లేకుండా యాడ చూపించినావు నువ్వు గ్రహణం?" అంది ఆర్తి. చిన్నప్పటి నుంచీ నిమ్మకాయ పట్టుకునేది తనే మరి.

మబ్బు తెరిపిచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు పెట్టారు. సూర్యుడు కొరికిన దోసెలా అయ్యాడు. గ్రౌండు మూలనున్న వేపచెట్టు కింద వెలుగుచుక్కలన్నీ నెలవంకలుగా మారి, ఆర్తి చీర మీద, నిండు కడుపు మీద అల్లల్లాడాయి. ఆర్తి నల్లద్దాలు పెట్టుకుని, ఒక చెయ్యి కడుపు మీద వేసుకుని, నవ్వుతూ తలెత్తింది. ఎవరో ఫోటో తీశారు. గేటు బయట హాజా సార్ స్కూటరు ఆపి చూస్తుంటే, మీరూ లోపల దాక్కుంటారా సార్ అని అరిచింది టీచరు. "దాక్కోను, నిలబడతాను. మాకు గ్రహణం నమాజు ఉంది" అని ఆయన మసీదుకు పోయాడు. ఆ ఫోటో సాయంత్రానికి ఒక పిల్లవాడి వాట్సాప్ స్టేటస్‌లోంచి తిరిగి తిరిగి కోసపాళయం చేరింది.

సంక్రాంతి వెళ్లాక మగబిడ్డ పుట్టాడు. పై పెదవి చీలి ఉంది, అంగిలీ చీలి ఉంది. తెలుగులో ఆ చీలికను గ్రహణం మొర్రి అంటారు. ఆ పేరు పెట్టినవాళ్లు ఏనాడో తీర్పు కూడా చెప్పేశారు. అంతటితో పోతే ఆపరేషనుతో బాగయ్యేది. వాడి గుండెలోనూ లోపం ఉంది. చన్ను పట్టలేడు. ఆర్తి రాత్రీ పగలూ కూర్చుని ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోసేది. పేరు పెట్టకముందే వాణ్ణి రాజా అని పిలిచేది. నెల తిరగకుండానే, ఆస్పత్రిలో, తెల్లవారుతుండగా ప్రాణం పోయింది.

ఆ పొద్దు వరండాలో జరిగింది చెప్పడానికి నోరు రావడం లేదు, అయినా చెప్పాలి. రంగమ్మాళ్ గోడకు తల కొట్టుకుని ఏడ్చింది. "గ్రహణం మింగేసింది నా మనవణ్ణి. చిలక్కి చెప్పినట్టు చెప్పినా. కోడల్ని దాని కన్నతల్లే తీసుకుపోయి ఎండలో నిలబెట్టింది" అంది. జనం గుమిగూడారు. భువనేశ్వరికి ఏడుపు గొంతు దాకా వచ్చింది. కానీ ముప్పై ఏళ్ల అలవాటు దానికంటే ముందు వచ్చేసింది. ఫోను తీసింది, కడుపులో బిడ్డ పెరిగే బొమ్మ తెరిచింది, గొంతు సవరించుకుంది.

"ఇది చూడండి. పెదవి ఏర్పడేది రెండో నెల్లో. గ్రహణం వచ్చింది తొమ్మిదో నెల్లో. పెదవి చీలినప్పటికి గ్రహణం లేదు, ఏమీ లేదు. రెండో నెల్లో ఆర్తి మీ ఇంట్లోనే ఉండింది, నాకాడ కాదు."

రంగమ్మాళ్ నోరు మూతపడింది. జనం కూడా తలలూపారు. గెలిచింది టీచరు. ఆ వరండాలోకి తెరిచిన తలుపు వెనక మంచం మీద, బిడ్డను ఇంకా ఒళ్లోంచి దించని ఆర్తి కూర్చుని ఉందని ఆవిడకు తట్టలేదు.

ఆర్తి ఆస్పత్రి నుంచి నేరుగా అత్తగారింటికి వెళ్లిపోయింది. పచ్చి బాలింత, పుట్టింటికి రానంది. ఫోను చేస్తే ఊ అనేది, సరే అనేది. పండగకు ముకుందన్ చేత మిఠాయి పంపేది. తను వచ్చేది కాదు.

కొద్దిరోజులకు హాజా సార్ పరామర్శకు వచ్చి, తమ ప్రవక్త నబీ నాయగం బిడ్డ సంగతి చెప్పాడు. ఆయన చిన్నకొడుకు, ఇంకా పాలు మరవని పసివాడు, చనిపోయిన రోజే సూర్యగ్రహణం పట్టిందట. ఊరంతా, చూశారా, ఈ బిడ్డ కోసం సూర్యుడే చీకటయ్యాడు అనుకున్నారట. ఆయన మాత్రం, సూర్యచంద్రులు దేవుడి గుర్తులు, ఎవరి చావు కోసమూ ఎవరి పుట్టుక కోసమూ వాటికి గ్రహణం పట్టదు అని చెప్పాడట. హాజా సార్ ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. భువనేశ్వరి నిటారుగా కూర్చుంది.

"చూసినారా సార్. పద్నాలుగు వందల ఏళ్ల కిందట మీ నబీ చెప్పినాడు, ఇప్పుడు సైన్సు చెబుతోంది. రెండూ ఒకటే మాట. ఇన్నేళ్ల మన వాదనలో ఇది మొదటి తీర్మానం" అని, అప్పటికప్పుడే దాన్ని ఫోనులో టైపు చేసి ఆర్తికి పంపింది. లెక్కల మాస్టారు తన మిగతా మాటను మింగేసి, కాఫీ తాగి వెళ్లిపోయాడు.

కూతురు గ్రహణాన్ని నమ్మి తన మీద అలిగిందని తల్లి తేల్చుకుంది. అత్త చెప్పిన మూఢనమ్మకం పిల్ల బుర్రలోకి ఎక్కింది, దాన్ని తీసేస్తే కూతురు తిరిగొస్తుంది. ఇక అదే పని. డాక్టర్లు మాట్లాడిన వీడియోలు పంపింది. వ్యాసాలు పంపింది. తెలిసిన లేడీ డాక్టరు చేత ఒకసారి ఫోను చేయించింది. గ్రహణానికీ మొర్రికీ సంబంధం లేదని నిరూపించే కాగితం ఎక్కడ కనబడినా కూతురికి చేరవేసింది. ప్రతిసారీ రెండు నీలి టిక్కులు పడేవి, జవాబు ఉండేది కాదు. ఆరేళ్లు అలా గడిచాయి. కిందటేడు టీచరు రిటైరయింది. సాయంత్రాలు బీచి రోడ్డు మీద ఒక్కతే నడిచేది.

ఈ మార్చి మొదట్లో ముకుందన్ ఫోను చేశాడు. "అత్తా, ఆర్తికి ఆరో నెల. మీకు చెప్పొద్దనింది, నేనే చెబుతుండా. రేపు సాయంత్రం చంద్రగ్రహణం కదా. మధ్యాహ్నం నుంచే తలుపులు మూసుకోని పండుకుంటానంటా ఉంది, నీళ్లు కూడా ముట్టదంట. మా అమ్మే చెప్పింది, వద్దే, అంత ఎండలో నీళ్లు తాగకపోతే ఎట్ల అని. వినడం లేదు. మీరొస్తే బాగుంటాది. మీరు చెప్పాల్సినట్టు చెబుతారు."

భువనేశ్వరి ఆ రాత్రంతా పాఠం కూర్చుకుంది. పగలు ఇంకా బాగా కూర్చుకుంది. అయినా ధైర్యం చాలక, దారిలో హాజా సార్ ఇంటి దగ్గర ఆటో ఆపింది. రంజాను నెల. ఉపవాసం విడవడానికి మసీదులో పంచే గంజి, నోంబు కంజి కోసం వీధిలో అందరూ, హిందువుల ఇళ్లవాళ్లు కూడా, గిన్నెలు పట్టుకుని వస్తూ పోతూ ఉన్నారు. కడలి వైపు మాసి మగం పండగ స్నానాలకు వేసిన పందిళ్లు ఇంకా విప్పలేదు. ఉపవాసంతో పెదవులెండిన ఆయన కంజి గిన్నె గుమ్మంలో పెట్టి, ఆవిడను కూర్చోమన్నాడు.

"మీరొక్కసారి నాతో రండి సార్. ఆ గ్రహణం సంగతి, మీ నబీ చెప్పింది, మీ నోటితో ఆర్తికి చెప్పండి. నా మాట వినదు."

"రాను టీచర్" అన్నాడాయన మెల్లగా. "మీరు ఆ పొద్దు సగమే విన్నారు. ఆ సగమే పిల్లకు పంపినారు."

"మిగతా సగం ఏంది?"

"అది ముందు జరిగింది. బిడ్డకు ఊపిరి ఆగిపోతుంటే ఆయన ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాడు. కండ్ల నిండా నీళ్లు కారినాయి. పక్కనున్నవాళ్లు ఆశ్చర్యపోయినారు, మీరు కూడా ఏడుస్తారా అని. ఇది దయ అన్నాడు. కన్ను ఏడుస్తుంది, గుండె బాధపడుతుంది అన్నాడు. దేవుడు చేసినదానికి మాత్రం ఎదురు మాట్లాడలేదు. సూర్యుడి సంగతి, చంద్రుడి సంగతి అంతా దాని తర్వాతే. మన వాదనల్లో నేనూ తప్పు చేసినాను టీచర్. మా వేదాన్ని తెచ్చి మీ పాఠ్యపుస్తకం పక్కన పెట్టి రెండూ ఒకటే అని మార్కులు వేయించుకోవాలని చూసినాను. మాట ఒకటే అయినా ఏడ్చిన మనిషి చెప్పడం వేరే కదా."

భువనేశ్వరి లేచి నిలబడింది. "అయితే నేను వెళ్లి ఏం చెప్పాలి?"

"నాకు తెలీదు" అన్నాడు లెక్కల మాస్టారు.

కోసపాళయంలో పిండిమిల్లు ఆ పూట మూసి ఉంది. రంగమ్మాళ్ మునుపటి మనిషి కాదు, మోకాళ్లు పట్టేసి గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. వియ్యపురాలిని చూసి లోపలి గది వైపు తల ఊపింది. ఆ గది కిటికీకి దుప్పటి కట్టి ఉంది, పైనున్న వెంటిలేటరుకు పేపర్లు అతికించి ఉన్నాయి. ఆర్తి చాప మీద కాళ్లూ చేతులూ చాపుకుని వెల్లకిలా పడుకుని ఉంది. చీకటికి కళ్లు అలవాటు పడ్డాక కడుపు ఎత్తు కనబడింది.

"వచ్చినావా" అంది ఆర్తి కదలకుండా. "సరే, చెప్పు. భూమి నీడ పోయి చంద్రుడి మీద పడతాది. నా కడుపుకేం కాదు. అంతే కదా."

భువనేశ్వరి చాప పక్కన నేల మీద కూర్చుంది. కూర్చుకొచ్చిన పాఠం నాలుక చివరనే ఉంది.

"ఏంది, చెప్పవా?"

"చెప్పను."

బయట పళ్లెం కింద పెట్టిన చప్పుడైంది. ఆర్తే మళ్లీ మాట్లాడింది.

"నాకు గ్రహణం మీద నమ్మకం లేదమ్మా. ఎప్పుడూ లేదు. నీ కూతుర్ని."

"మరి ఈ దుప్పట్లెందుకే?"

"ఆ పొద్దు వరండాలో అత్తకు చెప్పినావే, పెదవి రెండో నెల్లోనే ఏర్పడతాదని. మంచం మీద నుంచి విన్నాను. వాడు నా ఒళ్లోనే ఉన్నాడు. అప్పట్నుంచీ ఆ రెండో నెల్లో నేనేం చేసినానా అని వెతుకుతా ఉండాను. ఏం మాత్ర మింగినాను. జ్వరం వచ్చిందే, అదా. మిల్లులో పిండి దుమ్ములో కూర్చున్నానే, అదా. మిట్టాయి ఒకటి తిన్నాను ఎవరో ఇస్తే, అదా. నువ్వు పంపించిన ప్రతి వీడియోలోనూ అదే మాట, గ్రహణం కాదు, గ్రహణం కాదు అని. గ్రహణం కాకపోతే ఇంక మిగిలింది నేనే కదమ్మా."

భువనేశ్వరి కూతురి వైపు ఇంకాస్త జరిగింది.

"గ్రహణమే అయ్యుంటే ఎంత బాగుండు" అంది ఆర్తి. "ఇట్ల తలుపులు మూసుకుంటే సరిపొయ్యేది."

ఈ చీలికలు చాలామందిలో ఎందుకు వస్తాయో డాక్టర్లే చెప్పలేరు, తల్లి తప్పు అందులో ఏమీ లేదు. ఇది భువనేశ్వరికి తెలుసు. ఆరేళ్లుగా తెలుసు. ఆ పంపిన వ్యాసాల్లోనే ఎక్కడో కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఆవిడ ఒక్కనాడూ దాన్ని కూతురికి నోటితో చెప్పలేదు. గ్రహణాన్ని నిర్దోషిగా నిలబెట్టడంలోనే పడిపోయింది. గ్రహణం నేరం నుంచి బయటపడితే, దాన్ని చూపించడానికి తీసుకెళ్లిన తనూ బయటపడుతుంది మరి. కూతుర్ని బోనులో వదిలేసి తను ఇంటికి వచ్చేసింది. ఇప్పుడు ఆ మాట చెబుదామంటే, ఆరేళ్లు పాతబడిన మందులా ఉంది, పనిచేస్తుందన్న నమ్మకం లేదు.

జీవితంలో మొదటిసారి ఆ సైన్సు టీచరు కావాలని ఒక అబద్ధం చెప్పింది.

"గ్రహణమే అమ్మా" అంది. "ఆ పొద్దు నేనే అడిగినాను, వస్తావా అని. నేనే నిలబెట్టినాను నిన్ను ఎండలో. నీది కాదు. గ్రహణమే."

ఆర్తి తల తిప్పి చీకట్లో తల్లి వైపు చూసింది.

"నీకు అబద్ధం చెప్పను రాదమ్మా" అంది.

"రాదు" అంది భువనేశ్వరి. ఆర్తి చెయ్యి తడుముకుంటూ వచ్చి తల్లి చెంప మీద ఆగింది. చెంప తడిగా ఉంది. నాయన పోయినప్పుడు కూడా ఆ పిల్ల ఆ తడి చూడలేదు. బిడ్డ పోయినప్పుడూ చూడలేదు.

"ఏడస్తా ఉండావా?" అని అడిగింది, నమ్మలేనట్టు.

భువనేశ్వరి ఇక ఆపుకోలేదు. చాప అంచు మీద నుదురు ఆనించి, పెద్దగా, సిగ్గు లేకుండా, ఊరి ఆడవాళ్లు ఏడ్చినట్టు ఏడ్చింది. ఆర్తి వెల్లకిలా పడుకోవడం మానేసి పక్కకు తిరిగింది. మోకాళ్లు ముడుచుకుని తల్లి తలను కడుపుకు దగ్గరగా లాక్కుంది. అత్తగారింట్లో ఆరేళ్లుగా మింగుకున్న ఏడుపు తనకూ వచ్చేసింది. గుమ్మం దగ్గర్నుంచి రంగమ్మాళ్, గ్రహణం విడిచింది, లేచి స్నానం చేయండి, నీళ్లు తాగండి అని పిలిచింది. ఇద్దరూ లేవలేదు.

కాసేపటికి, ముక్కు చీదుకుని, "అమ్మా" అంది ఆర్తి. "వాడి చెవులు అచ్చం నీవే. చూసినావా నువ్వు?"

చూశాను అని తల ఊపింది భువనేశ్వరి. వాడు పోయాక ఈ ఆరేళ్లలో, పెదవి గురించీ గ్రహణం గురించీ కాకుండా, వాడి గురించి వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాట అది.